హతసాక్షి శబ్దవిచారము

తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమున 'హతసాక్షి' యను పదము బహుళముగాఁ గనఁబడును. విశ్వాసమును విడువక ప్రాణములను విడిచినవాఁడు హతసాక్షి. ఈ పదమును గూర్చి వ్రాయుటకు నన్నుఁ బురికొల్పిన కారణ మొకటి గలదు. పూర్వము నాయొద్ద లఘుకౌముదిని జదివిన శిష్యుఁ డొకఁడు, క్రైస్తవుఁడు, ఇప్పుడు పాఠశాలలోఁ దెలుఁగు పండితుఁడుగా నున్నవాఁడు, ఇటీవల మా యింటికి వచ్చి, మాటల నడుమ, "పంతులుగారూ, అబద్ధమునకై యెవఁడైనఁ బ్రాణము లిచ్చునా? మా హతసాక్షుల మరణమే మా విశ్వాసమునకుఁ బ్రమాణము గాదా? మీరు తర్కముఁ జదివినవారు గదా, చెప్పుఁడు" అని యడిగెను. అతని పితామహుఁడు మతము పుచ్చుకొన్నందులకు బంధువులచే వెలివేయఁబడి, ఉన్న పొలమును గోల్పోయినవాఁడని నే నెఱుఁగుదును. కావున నిది యతనికి వట్టి తర్కప్రశ్న గాదు. "నాయనా, తొందరపడి చెప్పఁదగిన మాట గాదు, వ్రాసి చూపెదను" అంటిని. ఆ వ్రాఁత యిది.

మొదట శబ్దమును విచారింతము. 'సాక్షి' యనునది సంస్కృతపదము. పాణిని యైదవ యధ్యాయమున, సాక్షాత్తుగాఁ జూచినవాఁ డను నర్థమున, సంజ్ఞావిషయమందు, 'సాక్షాత్' అను నవ్యయమునకు 'ఇని' ప్రత్యయమును విధించెను. టిలోపమున 'సాక్షిన్' అని రూప మేర్పడును. ఇందు సంజ్ఞాగ్రహణ మేల యని వ్యాఖ్యాతలు శంకించి చక్కని సమాధానము చెప్పిరి. అప్పిచ్చుచోట సాక్షాత్తుగాఁ జూచువారు ముగ్గురు: ఇచ్చువాఁడు, పుచ్చుకొనువాఁడు, చెంత నిలిచి చూచువాఁడు. మువ్వురును జూచినవారే యైనను మూఁడవవానికే సాక్షి యని పేరు. దీనివలన సాక్షికి రెండు లక్షణములు సిద్ధించుచున్నవి. తాను స్వయముగాఁ జూచియుండుట యొకటి. ఆ వ్యవహారమునఁ దనకు లాభము లేకుండుట రెండవది. ఈ రెంటిని జదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఈ వ్యాసమంతయు వీనిమీఁదనే నిలిచియున్నది.

గ్రీకుభాషలోని 'మార్తుస్' అను పదమునకును మొదట నిదియే యర్థము. న్యాయస్థానమునఁ దా నెఱిఁగినది చెప్పువాఁడు మార్తుస్. క్రొత్తనిబంధనమున నా పదము సామాన్యముగా నీ యర్థముననే ప్రయుక్తము. అపొస్తలుల కార్యములలో రాళ్లచేఁ గొట్టఁబడి చచ్చిన స్తెఫనును, ప్రకటన గ్రంథమున బెర్గములోఁ జంపఁబడిన అంతిపను నా పేర వ్యవహరించుట నిజమే. కాని యచ్చటఁగూడ 'సాక్షి' యని చెప్పినఁ జాలును. చావు సందర్భమువలనఁ దెలియునదే కాని శబ్దమువలనఁ దెలియునది గాదు. రెండవ శతాబ్ది నడుమ స్ముర్న పట్టణపు బిషప్పు పొలికార్పును దహించిన వృత్తాంతము వ్రాయఁబడు నాఁటికి, మతముకొఱకుఁ జచ్చినవాఁడే మార్తు వను వాడుక కనఁబడుచున్నది. ఆంగ్లాది భాషలు గ్రహించిన దీ తరువాతి యర్థమునే. అనఁగా యౌగికముగా నున్న పదము రూఢమైనది.

రూఢపదమున నవయవార్థమును వెదకుట దోషమని మన బాలురును నెఱుఁగుదురు. 'కుశలుఁడు' అనఁగా మొదట దర్భలు కోయువాఁడు, పిదప నేర్పరి. వీణ వాయించుటయందుఁ గుశలుఁడైనవానిఁ జూచి, 'ఇతఁడు కుశలుఁడు, కావున దర్భలు కోసినవాఁడు' అని యెవఁడైన ననుమానించినచో నవ్వుదుము. 'ఇతఁడు మార్తువు, కావునఁ జూచినవాఁడు' అను ననుమాన మట్టిదే. ఇంత పచ్చిగా నెవరును జెప్పరు గాని, హతసాక్షుల మరణమును మతసత్యమునకుఁ బ్రమాణముగాఁ జూపువారి మాటలలో నీ జాఱుపాటు దాఁగియుండును. చచ్చినవాఁ డను రూఢ్యర్థముతో మొదలిడి, చూచినవాఁ డను యోగార్థముతో ముగింతురు.

తెలుఁగు పదమును గల్పించినవా రెవరో కాని వారు మెచ్చఁదగినవారు. వారు గ్రీకుపదమును యథాతథముగఁ దెచ్చుకొనక, 'హత' యనియు 'సాక్షి' యనియు రెండంశములను విడఁదీసి చూపిరి. హతుఁడైన సాక్షి హతసాక్షి, విశేషణపూర్వపద కర్మధారయము. ఇందు విశేషణము విశేష్యమును వేఱు సాక్షులనుండి వేఱుపఱచును గాని, దానిని బుట్టింపదు. నల్లకలువ యనునపుడు నలుపు కలువను గల్పింపదు. కలువ వేఱుగా సిద్ధించియుండవలెను; అటుపిమ్మట నది నల్లనిదో యెఱ్ఱనిదో తేలును. అట్లే సాక్షిత్వము వేఱుగా సిద్ధింపనిచో హతత్వము దానిని సంపాదింపఁజాలదు. ఈ సమాసముననే మన ప్రశ్నకు సమాధాన మున్నదని నా యభిప్రాయము.

ఇఁకఁ బూర్వపక్షమును దాని బలము చెడకుండఁ జెప్పెదను. 197వ సంవత్సర ప్రాంతమునఁ గార్తేజి నగరవాసియగు టెర్టులియను, క్రైస్తవులను జంపినకొలఁది వారు పెరుఁగుదు రనియు, వారి నెత్తురు విత్తనము వంటి దనియు రోమనధికారులకు వ్రాసెను. 1794లో ఆంగ్లపండితుఁడు విలియం పేలీ క్రైస్తవమత ప్రమాణములను గూర్చి రచించిన గ్రంథమున నీ వాదమును శాస్త్రీయముగఁ దీర్చెను. యేసు నెఱిఁగిన తొలి సాక్షులు తాము చెప్పిన వృత్తాంతమునకై శ్రమలను, నపాయములను, బాధలను దెలిసి తెలిసి పైఁబెట్టుకొనిరి. లాభ మేమియు లేనిచోట నింత బాధ పడినవారు వంచకులు గానేరరు. కావున వారి మాట నమ్మఁదగినది. ఇది పేలీ వాదసారము. కేంబ్రిడ్జి విద్యార్థులు చిరకాల మీ గ్రంథమును బరీక్షకుఁ జదివిరి. పేలీ చావునే కాక శ్రమనంతటిని లెక్కించెననియు, మాట్లాడినది తొలి సాక్షులనుగూర్చియే యనియు గమనింపవలెను. తరువాతివారు పలువు రీ జాగ్రత్తను విడిచి, 'ఇందఱు చచ్చిరి, కావున నిది సత్యము' అనిరి.

ఈ రెండవ రూపమును మొదటఁ బరీక్షింతము. 'ఈ మతము సత్యము, దీనికై జనులు ప్రాణము లిచ్చిరి గనుక' అని యనుమానము. హేతువు సాధ్యము లేనిచోట నుండరాదు. ఉన్నచో నది వ్యభిచరించినది. 1540 జూలై 30న లండను నగరమున స్మిత్‌ఫీల్డు మైదానమున నెనిమిదవ హెన్రీ యాజ్ఞచే నార్గురు చంపఁబడిరి. అందు మువ్వురు సంస్కరణమతమువారు. వారిని వేదవిరోధులని దహించిరి. మువ్వురు పోపునకు విధేయులు. వారిని రాజద్రోహులని యురిదీసి ఖండించిరి. ఒకే దినమున, ఒకే చోట, ఒండొంటిని ఖండించు రెండు సిద్ధాంతములకు మువ్వురేసి ప్రాణము లిచ్చిరి. మరణము సిద్ధాంతసత్యమును సాధించునేని, ఆ దినమున రెండును సత్యములు గావలసివచ్చును. ఇది యసంభవము. పరమతములనుగూడఁ జూతము. 922లో బాగ్దాదునందు హల్లాజు, 1675లో ఢిల్లీయందు గురు తేగ్‌ బహాదురు, 1850లో తబ్రీజునందు బాబు, తమ తమ విశ్వాసముల విడువక చంపఁబడిరి. హేతువు వీ రందఱియందును సమానము. సాధ్యము సమానము గాఁజాలదు. కావున నిది సాధారణానైకాంతికము.

ఈ మాట క్రైస్తవులకుఁ గ్రొత్త గాదు. హిప్పో పట్టణపు బిషప్పు అగస్తీను, దొనాతువర్గమువారు తమలోఁ జచ్చినవారిని జూపి గర్వించినపుడు, శిక్షవలన నెవ్వఁడును హతసాక్షి గాఁడనియు, శిక్షకుఁ గారణమైన పక్షమువలననే యగుననియు బదులు చెప్పెను. అనఁగాఁ బక్షము సత్యమని ముందుగా సిద్ధించినఁ గాని మరణమునకు గౌరవము లేదు. అట్టిచో నా మరణముచేతనే పక్షమును సాధించుట యన్యోన్యాశ్రయము. పౌలును గొరింథీయులకు వ్రాసిన లేఖలోఁ బ్రేమ లేనివాఁడు దేహమునే యప్పగించినను నిష్ప్రయోజన మనెను. అదే లేఖలో యేసు పునరుత్థానమును జెప్పునపుడు, చూచినవారి పట్టికను వరుసగా నిచ్చెనే కాని, చచ్చినవారి పట్టిక నీయలేదు. సాక్షి యనఁగా నేమో పౌలు బాగుగ నెఱుఁగును.

ఇచ్చట నా శిష్యుఁడు లేచి యిట్లనును: "అయ్యా, ఇతరులు తాము విన్న సిద్ధాంతమునకై చచ్చిరి. అది తప్పని వారికిఁ దెలియదు. మా యపొస్తలులు తాము కన్నులారఁ గన్నామన్న సంగతికై చచ్చిరి. అది కల్ల యైనచో, కల్ల యని వారికే తెలియును. తెలిసి తెలిసి కల్లకై యెవఁడు చచ్చును?" ఇది తేలికగాఁ ద్రోసివేయరాని మాట. పేలీ వాదమునకు జీవము నిదియే. దీనికి సమాధానము రెండు విధములఁ జెప్పవలెను: శాస్త్రముచేతను, జరిత్రచేతను.

శాస్త్రమును జూతము. మాటను బ్రమాణముగాఁ గొనుటకు వక్త యాప్తుఁడు గావలెనని నైయాయికుల మతము. వాత్స్యాయనుఁ డాప్తునకు మూఁడు గుణములు చెప్పెను: విషయమును సాక్షాత్కరించుకొనుట, ప్రాణులయందు దయ, ఉన్నదున్నట్లు చెప్పవలెనను కోరిక. వక్తృదోషములు నాలుగని యితరశాస్త్రజ్ఞులు లెక్కించిరి: భ్రమము, ప్రమాదము, వంచింపఁగోరుట, ఇంద్రియాపాటవము. మరణమున కంగీకరించినవాని వలన నీ నాలుగింటిలో నేది తొలఁగును? వంచింపఁగోరుట తొలఁగును. అది పూర్ణముగాఁ దొలఁగునని యొప్పుకొందము. కాని భ్రమము తొలఁగదు. త్రాటిని బామనుకొన్నవాఁడు తాను బామును జూచితినని ప్రమాణము చేసి చావవచ్చును. ఆ చావుచేఁ ద్రాడు పాము గాదు. ఏమఱుపాటును దొలఁగదు, ఇంద్రియదోషమును దొలఁగదు. కావున మరణ మాప్తత్వమున నొక యంగమునకే సాధకము. సాక్షాత్కార మను ప్రధానాంగమును బరీక్షించుటకు వేఱు సాధనములు గావలెను: ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, ఎంద ఱొక్కమాటుగాఁ జూచిరి, చూచినదానిని బ్రశ్నించి పరీక్షించిరా, ఎంతకాలమునకు వ్రాసిరి అనునవి. క్రైస్తవ పండితు లీ ప్రశ్నలకు సమాధానములు చెప్పుదురు. వానిని దూఁచుట యీ వ్యాసమునకు విషయము గాదు. ఆ పరీక్షలో మరణము మాట్లాడఁజాల దనుటయే నా మాట.

ఇఁకఁ జరిత్ర. మరణము వంచనను దొలఁగించుటకును నొక నియమము గలదు. 'కాదనుము, విడిచెదము' అను నవకాశ ముండియు, కాదనక చచ్చినవాని మరణమే యట్టి సాధకము. అవకాశము లేక చంపఁబడినవాని మరణము జాలి గొలుపును గాని, సాక్ష్యమును బలపఱపదు. అట్టి యవకాశము స్పష్టముగాఁ గనఁబడు తొలి రోమన్ లేఖ బితూనియ పాలకుఁడు ప్లినీ సుమారు 112లోఁ జక్రవర్తి త్రాజానునకు వ్రాసినది. నేను క్రైస్తవుఁడ నన్నవారిని మూఁడుమాఱు లడిగి, పట్టు విడువనివారిని జంపించితిననియు, దేవతల నర్చించి క్రీస్తును దూషించినవారిని విడిచితిననియు నతఁడు వ్రాసెను. ఇచ్చట 'హత' శబ్దార్థము సంపూర్ణము. కాని వా రెవరు? యేసు మరణించిన యెనుబది యేండ్లకు, నల్లసముద్రతీరమున నున్నవారు. చూచినవారు గారు. స్ముర్నలోఁ బొలికార్పునకును బ్రాంతాధిపతి యవకాశ మిచ్చెను. ఎనుబదియాఱేండ్లు గొలిచిన ప్రభువును దూషింపననెను. అతఁడు యోహానును జూచినవాఁడని యిరేనియను చెప్పును. అనఁగాఁ జూచినవారిని జూచినవాఁడు. 203లోఁ గార్తేజి చెఱలో నుండి తన స్వప్నములను దానే వ్రాసికొన్న పెర్పెతువ చంటిబిడ్డ తల్లి. తండ్రి కాళ్లమీఁదఁ బడి వేఁడుకొన్నను మాట మార్చుకొనలేదు. చదువువాని గుండె కరఁగును. కాని యామెయుఁ జూచినది గాదు.

తొలి సాక్షులయెడ నేమి గలదు? 64లో రోమునగరము తగులఁబడినపుడు నీరో క్రైస్తవులను జంపించిన విధమును దాకితుసు వ్రాసెను. నింద యిల్లు తగులఁబెట్టుట. కాదన్నచో విడిచిరని యెచ్చటను లేదు. జెబెదయి కుమారుఁడగు యాకోబును హేరోదు కత్తితోఁ జంపించెనని యపొస్తలుల కార్యములు చెప్పును. విచారణను గూర్చి యొక్క మాటయు లేదు. యేసు సోదరుఁడగు యాకోబు 62లో రాళ్లతోఁ గొట్టఁబడెనని యూదుచరిత్రకారుఁడు జోసీఫసు చెప్పును; ధర్మశాస్త్రోల్లంఘన మని నింద. ఆ యాకోబునకు మాట మార్చుకొను నవకాశ మిచ్చిరను కథ హెగెసిప్పు చెప్పినది. అది నూఱేండ్ల పిమ్మటిది. తక్కిన యపొస్తలుల మరణకథలు పెక్కులు రెండు మూఁడు శతాబ్దులలోను, దరువాతను బుట్టిన గ్రంథములవి. మన చెన్నపురి చెంతఁ బరంగిమలకు సంబంధించిన తోమా కథకు మూలమగు గ్రంథమును మూఁడవ శతాబ్ది యాదిలో సిరియభాషలోఁ బుట్టినదే. 2013లోఁ గాండిడా మాస్ ప్రాచీన హతసాక్షికథలలో నమ్మఁదగినవి మిక్కిలి కొలఁదియని గ్రంథము వ్రాసెను. 2015లో షాన్ మెక్‌డవల్, తాను విశ్వాసపక్షమువాఁ డయ్యును, మిక్కిలి దృఢమగు నాధారము పేతురు, పౌలు, ఇరువురు యాకోబులు, ఈ నలువుర మరణములకే యున్నదని తేల్చెను. ప్రతిపక్షులైన యిరువు రీ యంశమున దగ్గఱ పడుట గమనింపఁదగినది.

అయినను బక్షపాతము లేక చెప్పవలెను. పౌలు విషయమున రెండంశములును గలియుచున్నవి. తాను ప్రభువును జూచితి ననుట యతని స్వవచనము. అయిదుమాఱులు కొరడాదెబ్బలు, మూఁడుమాఱులు బెత్తపుదెబ్బలు, ఒకమాఱు రాళ్లదెబ్బలు తింటి ననుటయు నతని స్వవచనమే. ప్రతిమాఱును మానుకొనుట యతని చేతిలోనిది, మానలేదు. పేతురును యోహానును నోరు మూసికొనుఁడన్న సభవారి యాజ్ఞను ద్రోసిపుచ్చి దెబ్బలు తినిరని యపొస్తలుల కార్యములలో నున్నది. వీరు వంచకులు గారనుటకు నే నెట్టి సందేహమును బడను. కడపటి చావుకంటె, మరల మరల దెబ్బలు తినుచు మరల మరల వెడలిన ముప్పదియేండ్ల నడవడి బలవత్తరమగు సాధకము. కాని యింత యొప్పుకొన్న పిమ్మటను, పౌలు చూచినది యేమి యను ప్రశ్న యట్లే యుండును. దానికి సమాధానము కొరడాలలో లేదు.

పరులను దూఁచిన త్రాసుతోనే మనలను దూఁచుకొనవలెను గదా. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున నేకాంతరామయ్య కథ గలదు. జైనులతో వాదించి, శివుఁడే పరమని నిరూపించుటకుఁ దన తల తాను గోసికొన్న భక్తుఁ డతఁడు. కన్నడదేశమున నబ్బలూరి శాసనమునను నీ వృత్తాంత మున్నది. ఇచ్చట సూక్ష్మ మొకటి చూడుఁడు. తల గోసికొనుట పందెమున మొదటి భాగము మాత్రమే. తెగిన తల మరల నతుకుకొనుటయే నిరూపణమని యిరుపక్షములును నొప్పుకొన్నవి. తల తెగినంతనే జైను లోడిపోలేదు; భక్తులును గెలిచితిమనలేదు. ఆ కథను నమ్మినను నమ్మకున్నను, మరణము ప్రతిజ్ఞయే కాని హేతువు గాదని దానిని జెప్పినవారికిఁ దెలిసియున్నది. మన పక్షమున నెవఁడైన నగ్నిలోఁ జొచ్చెనని, శిరస్సు నిచ్చెనని, యింతమాత్రముననే మన సిద్ధాంతము సత్యమని పలుకువారు మనలోఁ గొఱఁత లేదు. వారికిని నిదే సమాధానము.

మరి హతసాక్షుల మరణము వ్యర్థమా? కాదు. దాని ఫల మేమో రెండవ శతాబ్దివాఁడగు జస్టిను చక్కఁగఁ జెప్పెను. అతఁడు ప్లేటో మతమును జదువుకొనుచున్న దినములలోఁ గ్రైస్తవులు దుర్వ్యసనపరు లని లోకులు నిందించుచుండిరి. చావునకు వెఱవక నిలిచినవారిని జూచి, యింత నిర్భయులు భోగలాలసులై యుండరని తనకుఁ దోఁచెనని యతఁడు వ్రాసెను. అతఁడు చేసిన యనుమానము చూడుఁడు: 'వీరు చచ్చిరి, కావున వీరి సిద్ధాంతము సత్యము' అని కాదు, 'వీరు చచ్చిరి, కావున వీరిపై నింద యసత్యము' అని. హేతువు సాధింపఁగలిగిన దానినే సాధింపఁజేసెను. ఇట్టి నిదానముగలవాఁడు సుమారు 165లో రోమునందుఁ దానును శిరచ్ఛేదము నొందెను. చక్రవర్తి మార్కస్ ఔరేలియను క్రైస్తవుల తెగువను వట్టి మొండితన మని తన చింతనములలో వ్రాసికొనెను. ఒకే చావును జూచి యొకఁడు శీల మనెను, ఒకఁడు మొండితన మనెను. సిద్ధాంతసత్యము మాత్ర మా చావులో నిరువురకును గనఁబడలేదు.

కావున నిది నా సిద్ధాంతము. హతత్వము వక్త నిష్కాపట్యమునకుఁ బ్రమాణము; విషయసత్యమునకుఁ బ్రమాణము గాదు. విషయసత్యము సాక్షిత్వముననే నిలువవలెను. ఆ సాక్షిత్వము కన్ను మొదలుకొని కలమువఱకుఁ బరీక్షకు లోఁబడినది.

నా శిష్యునకుఁ జెప్పవలసిన మాట యొకటి మిగిలినది. నాయనా, నీ పితామహుఁడు పొలమును గోల్పోయి నీతో నిజమాడెను. తాను నమ్మినదానినే నమ్మితి ననెను. ఆ నిజము నెవ్వఁడును గాదనలేఁడు, నా తర్కమును గాదనలేదు. అతఁడు నమ్మినది సత్యమా యను విచారణ నీది. దానిని నీ తాతగారి నష్టముమీఁద మోపకుము. ఆయన మోసిన బరువు చాలును. ఇందుఁ దప్పులున్నచోఁ బండితులు దిద్దుదురు గాక.